ఒకే పైపు

కాగితం చెమటకు తడిస్తే అక్షరాలు చెదిరిపోతాయేమో, లేదులే, కంప్యూటర్లో కొట్టించి తీసినవి చెదరవు, పెన్నుతో రాసినవైతే ఈపాటికి నీలం మరకై జేబుకు అంటుకునేవి, అంటుకున్నా బాగుండేది, తడిసిపోయింది సార్ అని చెప్పడానికి ఒక సాకన్నా దొరికేది అనుకుంటూ హజరత్తయ్య మోపెడ్‌ను కాలవ వంతెన ఎక్కించాడు, ఎక్కిస్తూనే ఎడమచేత్తో చొక్కా జేబు తడుముకున్నాడు, ఉంది, నాలుగు మడతల్లో భద్రంగా ఉంది, పోవాలనుకున్నవి ఎప్పుడు పోయాయి గనక, పదకొండింటికి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరమ్మ వస్తుందట, ఆమె కారు దిగేలోగా దీనికింద సంతకం పడాలట, పెద్దగా ఏంలేదు హజరత్తూ, నాలుగు లైన్లే, జరిగిందే రాయించినా, అన్నాడు రొయ్యపిల్లల హేచరీ ఓనరు నరేంద్రబాబు నిన్న సాయంత్రం, టీ తెప్పించి మరీ అన్నాడు, పన్నెండేళ్ళలో ఏనాడూ కూర్చోమనని మనిషి కుర్చీ చూపించి మరీ అన్నాడు, జరిగిందేనట, బాయిలరు బర్నరుకు అమర్చిన ఆటోమేటిక్ ఇగ్నిషన్ ప్రమాదము జరిగిన రోజున సక్రమముగా పనిచేయుచున్నది, ఆపరేటరు చిన్నపోలయ్య నిబంధనలకు విరుద్ధముగా చేతితో మంట పెట్టుటకు ప్రయత్నించినందున ప్రమాదము సంభవించినది, ఇట్లు ఎలక్ట్రికల్ ఇన్‌ఛార్జి, కింద చుక్కల గీత, ఆ చుక్కల మీద తన పేరు, సక్రమముగా పనిచేయుచున్నదట, థూ, ఆ బర్నరు ఏ రోజు సక్రమంగా పనిచేసి చచ్చింది, పెట్టను, సంతకం పెట్టను, ఆమె ముందరే ఈ కాగితం చింపి పారేస్తాను, బర్నరును నడిపే ఎలక్ట్రానిక్ కార్డు మార్చండి సార్ మార్చండి సార్ అని పదిహేను నెలలుగా మొత్తుకున్నాను మేడమ్, డూప్లికేటు కార్డు తగిలించి మా చెల్లెలి మొగుడి కళ్ళు తీశారు మేడమ్ అంటాను, అని, ఆ మాటలే వంతెన దిగేలోగా మూడుసార్లు పెదాలు కదిపి చెప్పుకున్నాడు, మూడోసారికి మేడమ్ అన్నచోట గొంతు బాగానే లేచింది, ఎదురొస్తున్న ఐసు ట్రేల ఆటోవాడు తననే చూస్తున్నాడని గమనించి నోరు మూసుకున్నాడు.

వంతెన దిగితే చాలు, గాలి మారిపోతుంది, ఉప్పూ సరుగుడు ఆకుల వాసనా కలిసి ముక్కుకు తగులుతాయి, రెండువైపులా రొయ్యల గుంటలు, వాటిలో గిరగిరా తిరుగుతున్న చక్రాలు, ఈ దారినే మూడేళ్ళ కిందట పోలయ్యను వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు, ఇంకెవరూ కాదు, తనే, చెల్లెలు రోజా ఏడుపు చూడలేక, ఆ ఏడు పెనుగాలికి పోలయ్య బోటు తిరగబడి ఇద్దరు పోయారు, పోలయ్య డబ్బా పట్టుకుని తేలి బతికాడు, ఇంక నీళ్ళమీదికి పోనీబాకన్నా, నీకు దణ్ణం పెడతా, ఒడ్డుమీద ఏదైనా పని చూడు అని రోజా కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది, ఒడ్డుమీద పని, నీడపట్టున పని, బాయిలరు ముందర నిలబడి మీటరు చూసుకునే పని, చేపలు పట్టే పట్టపోళ్ళ పుట్టుక పుట్టి సముద్రానికి దొరకనివాడు గాజుతలుపున్న గదిలో గ్యాసుకు దొరికాడు, ఆపరేటరు తప్పు అని ఈ నాలుగు లైన్లు తేల్చేస్తే కంపెనీ నుంచి పోలయ్యకు రావాల్సింది ఏదీ రాదు, పైగా నిబంధనలు మీరినవాడని పేరు, పెట్టకపోతే తను రేపటినుంచి ఇంట్లో కూర్చోవాలి, అంతే లెక్క, నిన్న రాత్రే నెల్లూరు ఆసుపత్రికి పోయి చూసొచ్చాడు, పంతొమ్మిదో రోజు, రెండు కళ్ళకూ కట్టు, ఎడమది పోయిందని తేల్చేశారు, కుడిది విప్పితేగాని తెలియదంటున్నారు, మొహం మీద పూసిన తెల్లటి మందు కింద ఉన్నది పోలయ్యే అని గొంతును బట్టి అనుకోవడమే, మంచం పక్కన రోజా మొగుణ్ణి తిడుతూ నారింజ తొనలు ఒలుస్తోంది, ఎన్నితూర్లు చెప్పినానన్నా, నిదానంగా చెయ్యమని, ఈయనకు ముందూ లేదు ఎనకా లేదు, ఎదురుగా పోయి నిలబడుంటాడు అని తిడుతోంది, తిట్టి తొనను గింజ తీసి నోట్లో పెడుతోంది, పోలయ్య నమిలి మింగి, తన అడుగుల చప్పుడు విని కాబోలు, మొహం ఇటు తిప్పి, బావా వచ్చినావా, నేను పక్కకే నిలబడినా గదా బావా, నువ్వు చెప్పినట్టే, మొకం గోడ తట్టు తిప్పుకుని, ముందు నిప్పు పెట్టి తర్వాతే గ్యాసు తిప్పబోయినా, యాడ తప్పు జేసినానో నాకే తెలవడంలా, నువ్వన్నా చెప్పు బావా, అన్నాడు, చెప్పమన్నాడు, ఇప్పుడవన్నీ దేనికి, పండుకో పోలయ్యా అని తను బయటికి వచ్చేశాడు, వరండాలో నీళ్ళ కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

హేచరీ గేటు కనపడగానే ఆ జాలి అంతా కోపమైపోయింది, నయం, కోపం మోయడం సులువు, లోపల సున్నం వాసన వస్తోంది, వేశారు, బాయిలరు గదికి కొత్త సున్నం వేశారు, మసి పట్టిన గోడ ఇన్‌స్పెక్టరమ్మకు కనపడకూడదుగా, పగిలిన తలుపుకు కొత్త అద్దం, నేల కడిగారు, గడపకు పసుపు రాసి నిమ్మకాయలు కోశారు, పాపం పోతుందనుకున్నారో ఏమో, బర్నరు ఒక్కటే మూతి వంకరపోయి అలాగే ఉంది, దాన్ని ముట్టుకోవద్దని ఇన్‌స్పెక్టరమ్మ ఆఫీసు నుంచి తాఖీదు, రొయ్యపిల్ల అంటే గోటి చివర నిలబెట్టినా కనపడనంత ప్రాణి, దానికి నీళ్ళు ముప్పైఒకటి డిగ్రీలు ఉండాలి, ముసురు పట్టి ఇరవైఏడుకు దిగితే తెల్లారేలోగా తొట్టి తొట్టంతా అడుగున తెల్లగా పేరుకుంటుంది, అందుకే ఈ బాయిలరు, అందుకే దానికి గ్యాసు బర్నరు, అందుకే ఆ బర్నరును వెలిగించడానికి పదివేల వోల్టుల నిప్పురవ్వ, టకటకటక అని రవ్వ పడుతుంది, మంట అంటుకుంటుంది, అంటుకుందా లేదా అని చూసే కన్నులాంటి తీగ ఒకటి, నీళ్ళ వేడి చెప్పే సన్నతీగ ఇంకొకటి, ఆ రెండూ కార్డుకు కబురు చెబుతాయి, కార్డు చెప్పినదాన్ని బట్టి గ్యాసు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, చెప్పుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, తీరా చూస్తే రవ్వ పడ్డప్పుడల్లా మీటరు ముప్పైఒకటి నుంచి తొంభైకి ఎగిరేది, కార్డు బెదిరిపోయి అన్నీ ఆపేసేది, ఎర్రలైటు, రీసెట్టు నొక్కు, మళ్ళీ టకటక, మళ్ళీ ఎర్రలైటు, పక్క తొట్లలో పిల్ల చల్లబడుతూ ఉంటుంది, ఫోన్లో నరేంద్రబాబు అరుస్తూ ఉంటాడు, మంట పెట్టించు హజరత్తూ, ఎట్టన్నా జేసి పెట్టించు, ఎట్టో నాకు చెప్పబాక, ఎట్టో చెప్పబాకట, ఎట్టో తెలిస్తే తనకూ అంటుకుంటుందని ఆ మహానుభావుడికి అప్పుడే తెలుసు, ఇప్పుడు ఆ ఎట్టో తనకు తెలియనే తెలియదని కాగితం రాయించాడు, వీళ్ళ నాలుకకు నరం ఉండదు.

కుర్చీ లేదు గనక నీళ్ళ డ్రమ్ము మీద కూర్చున్నాడు, పదింపావు, ఎదురుగా పైపు, ప్యానెల్ పెట్టె అడుగునుంచి గోడ వెంబడి బర్నరు దాకా పదకొండు అడుగుల తెల్ల పైపు, సున్నం వేసినవాడు పైపుకు కూడా ఒక చెయ్యి వేశాడు వెధవ, అయినా ఎంత తిన్నగా ఉంది, నీటిమట్టం పెట్టి చూసుకోవచ్చు, మూడడుగులకొక బిగింపు, రెండు చివర్లా సిలికాన్‌తో మూసిన మూతులు, ఆ మూతి మీద తన బొటనవేలి ముద్ర ఎండిపోయి ఇప్పటికీ ఉంది, ఈ ఒడ్డున వైరింగంటే ఏమిటో నెల్లూరు నుంచి వచ్చే మేస్త్రీలకు ఏం తెలుసు, గోడమీద తీగ వేసి పోతారు, ఆరునెలలకు ఉప్పుగాలి తిని రాగి ఆకుపచ్చగా పిండి రాలుతుంది, తను మాత్రం అన్ని తీగలూ ఒక పైపులో దూర్చి రెండువైపులా గాలి చొరబడకుండా మూసేస్తాడు, తను వేసిన పని ఎనిమిదేళ్ళకు కోసి చూసినా రాగి కొత్త బిందెలా మెరుస్తుంది, మైపాడు నుంచి ఇస్కపల్లి దాకా ఏ హేచరీలో ప్యానెల్ కాలినా పైపు హజరత్తయ్యను పిలవండి అంటారు, పైపు హజరత్తయ్య, ఐటీఐ సర్టిఫికెట్ మీద లేని బిరుదు, ఆ పేరు మొదటిసారి విన్నరోజు ఇంటికి పోయి భార్యకు చెప్పి నవ్వాడు గానీ లోపల ఎంత పొంగిపోయాడో, ఈ బర్నరు పెట్టిన రోజున కూడా, తొమ్మిదీ పన్నెండు నిమిషాలకు మంట వెలగాలని అయ్యవారు ముహూర్తం పెట్టాడు, తొమ్మిదింటికి ఇంకా తీగలు నేలమీదే ఉన్నాయి, ఉన్నది ఒకటే పైపు, రవ్వ తీగ లావుగా నల్లగా, కబురు తీగలు సన్నగా ఎర్రగా, అన్నిటినీ చేపల దారంతో కట్టగా కట్టి సబ్బు రాసి ఒకే లాగు లాగాడు, సర్రున జారిపోయాయి, అందరూ చప్పట్లు కొట్టారు, పోలయ్య అయితే విజిల్ వేశాడు, అప్పటికి వాడు పనిలో చేరి నాలుగు రోజులు, మా బావ పని జూడు, యాడన్నా గాలి దూరద్దా అని పక్కవాడికి చెప్పాడు, తీగ మీద తొడుగు ఉంది గదా, ఒకదానికొకటి తగలదు గదా, ఇంకేం కావాలి అనుకున్నాడు తను, ఉప్పు గురించి తెలిసినంత ఇంకెవరికి తెలుసు అనుకున్నాడు.

హెన్రీకి తెలుసు, ఆ పేరు ఎందుకు గుర్తొచ్చింది ఇప్పుడు, పదిహేను నెలల కిందట బర్నరు అమ్మినవాళ్ళు చెన్నై నుంచి పంపితే వచ్చాడు, బక్కపలచగా, బనియను కనపడే చొక్కా, సంచీలో పనిముట్లతోపాటు అరచేతిలో పట్టేంత పాత రేడియో, ఇదేందబ్బా, పాటలు వింటావా అంటే నవ్వి, లేదన్నా, ఇది నా డాక్టరు అన్నాడు, రేడియో పెట్టి రవ్వ కొట్టించాడు, గర్ర్ అంది, రేడియోను పైపు వెంబడి చివరిదాకా జరుపుకుంటూ పోయాడు, పైపు పొడుగునా గర్ర్ గర్ర్, పైపు వదిలి పక్కకు జరిపితే గొంతు తగ్గిపోయింది, తర్వాత సన్నతీగను ఊడదీసి అలాంటిదే ఇంకో తీగ నేలమీద దూరంగా పరిచి తగిలించాడు, రవ్వ కొట్టించాడు, మీటరు ముప్పైఒకటి, పదిసార్లు కొట్టించినా ముప్పైఒకటే, కదల్లేదు, మళ్ళీ పైపులో తీగ తగిలించాడు, తొంభై, చూడన్నా, ఉప్పు రాకుండా బాగా మూసినావు, అది రొంబ మంచి పని, కానీ పదివేల వోల్టు పక్కన అయిదు వోల్టును పడుకోబెట్టినావే, తొడుగు ఉంటే తగలదు, నిజమే, కానీ రవ్వ పడ్డప్పుడల్లా దాని వేగం పక్కతీగలోకి దూకతాది, పాపం ఈ సన్నతీగ మోసేది చీమ అంత కరెంటు, దానికి ఇది పిడుగన్నా, కార్డు తప్పు ఏం లేదు, దానికి వినిపించేదే తప్పు, అన్నాడు, అని కాగితం తీసి తెలుగూ ఇంగ్లీషూ కలిపి రాశాడు, సన్నతీగలు వేరే పైపులో మూరెడు ఎడంగా పోవాలి, రవ్వ తీగను దాటాల్సి వస్తే అడ్డంగా ఒక్కచోటే దాటాలి, సన్నతీగకు రాగి జల్లెడ తొడుగున్నది వాడి ఆ తొడుగును ప్యానెల్ వైపు ఒక్కచోటే ఎర్తు చెయ్యాలి, రవ్వ టోపీలో రెసిస్టరున్నది పెట్టాలి, బర్నరు ఒంటినుంచి ట్రాన్స్‌ఫార్మరుకు లావు రాగితీగ వెయ్యాలి, అంతే, ఒక పూట పని, ఓనరుకు చూపించన్నా, చూపించి ఈ వారమే చెయ్యి, ఇవ్వాళ ఆగిపోతా ఉంది గనక బాధ లేదు, ఒకరోజు తిరగేసి వింటాది, మంట లేకనే ఉందని వింటాది, అది డేంజరు, అని తనచేత సంతకం పెట్టించుకుని బస్సుకు పోయాడు, ఓనరుకు చూపించడమంటే ఏమిటి, సార్ నా పైపు తప్పు సార్ అనడం, పైపు హజరత్తయ్య తన పైపు కోసుకోవడం, ఇస్కపల్లి దాకా నవ్వుకోవడం, మడిచి ప్యానెల్ తలుపు లోపలి సంచీలో పెట్టాడు, రేపు చేద్దాం, తొట్లు ఖాళీ అయినప్పుడు చేద్దాం, ఎవరూ లేనప్పుడు చేద్దాం, ఓనరు అడిగితే కార్డు డూప్లికేటు సార్ అన్నాడు, ఒకసారి కొత్తకార్డు తెప్పించారు కూడా, అదీ ఎగిరింది, ఇదీ డూప్లికేటే సార్ అన్నాడు, ఇంకొకటి ఇక కొననన్నాడు ఓనరు, అమ్మయ్య అనిపించింది, అవును, అమ్మయ్యే అనిపించింది, ఓనరు కొననంతకాలం తప్పు ఓనరుదే, ఆరునెలల తర్వాత ఫోన్ చేస్తే ఆ హెన్రీ ఉద్యోగం మానేసి ఎక్కడికో వెళ్ళిపోయాడన్నారు, అప్పుడూ అమ్మయ్యే అనిపించింది.

తొట్టి వైపు బ్లోయరు హోరు ఆగి మళ్ళీ మొదలైంది, పదిన్నర దాటింది, ఇనప చువ్వ మూల నిలబెట్టి ఉంది, దాని చివర గోనెపేలిక కాలి నల్లగా గట్టిపడింది, దీన్ని మాత్రం ఎవరూ దాచలేదే, సున్నం వేసినవాడికి ఇదేమిటో తెలియదు, నేర్పింది తనే, ఎర్రలైటు పడిందంటే గ్యాసు మూసుకున్నట్టే పోలయ్యా, భయం లేదు, పేలిక డీజిల్లో ముంచి అంటించు, ఈ కన్నంలోంచి లోపల పెట్టు, పెట్టినాకనే చేతి కాక్ తిప్పి గ్యాసు వదులు, పక్కకు నిలబడు, మొకం గోడ తట్టు తిప్పు, అని వాడి భుజాలు పట్టి నిలబెట్టి చూపించాడు, నూరుసార్లకు పైగా పెట్టుంటాడు వాడు, ఒక్కనాడు జుట్టు కూడా కమరలేదు, ఆరోజు ముసురు, మధ్యాహ్నం మూడు, తను నాలుగో షెడ్డులో నిచ్చెన మీద ఉన్నాడు, చేతిలో స్క్రూడ్రైవరు, ఫోను మోగింది, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు, బావా మళ్ళా పడిపోయినట్టుంది, మంట లేదు, పిల్ల చల్లబడతా ఉంది, అన్నాడు పోలయ్య, మంట పెట్టెయ్ అన్నాడు తను, వాడు ఫోను పెట్టేయలేదు, ఆగాడు, ఇక్కడే, ఈ పంతొమ్మిది రోజులూ ఇక్కడికొచ్చేసరికి మనసు పక్కకు తప్పుకుంటుంది, నీళ్ళ కుళాయి మీదికో నరేంద్రబాబు మీదికో పోతుంది, పోకు, కూర్చో, విను, వాడు ఆగి ఏమన్నాడు, ఎర్రలైటు కాదు బావా, పచ్చలైటు ఎలగతా ఉండాది, లోపల జూస్తే మంట లేదు, ఇదేందో కొత్తగా ఉందే, అన్నాడు, సరిగ్గా అన్నాడు, ఐటీఐ చదవని పోలయ్య, వలలు బాగుచేసుకునే పోలయ్య, చూడాల్సింది చూసి అడగాల్సింది అడిగాడు, పచ్చలైటంటే మంట ఉందని కార్డు నమ్ముతున్నట్టు, నమ్మి గ్యాసు తెరిచిపెట్టినట్టు, హెన్రీ చెప్పిన తిరగేసి వినడం ఇదే, రవ్వ దూకిన దెబ్బకు కార్డు ఆ పచ్చ దగ్గరే బిగుసుకుపోయింది, లోపల గ్యాసు నిండుతోంది, ఆపెయ్ పోలయ్యా, సిలిండరు కట్టెయ్, తలుపులు తీసి బయటికి రా, అంతే అనాల్సింది, మూడు మాటలు, తను ఏమన్నాడు, ఆ కార్డు పిచ్చిదిలేరా, దాన్ని జూడబాక, నువ్వు పెట్టెయ్, అన్నాడు, సరే బావా అన్నాడు వాడు, ఫోను పెట్టేసి తను ఇంకో స్క్రూ బిగించాడు, అది బిగిసేలోగా నిచ్చెన కదిలింది, ఆ ఫోను సంగతి పోలయ్య ఎవరికీ చెప్పలేదు, పోలీసులకు చెప్పలేదు, రోజాకు చెప్పలేదు, నిన్న తన ముందు కూడా ఎత్తలేదు, మరిచిపోయాడా, కాదు, వాడి దృష్టిలో అందులో చెప్పడానికేం లేదు, బావ చెప్పింది సరిగ్గానే ఉంటుంది, తనే ఎక్కడో కాలు తప్పు పెట్టి ఉంటాడు, అదే వెతుక్కుంటున్నాడు కట్టు కింద చీకట్లో.

కారు వచ్చింది, తలుపులు, చెప్పులు, నరేంద్రబాబు నవ్వు, ఇన్‌స్పెక్టరమ్మ చిన్నమనిషి, నలభై దాటి ఉండదు, చీరకొంగు నడుముకు దోపి టార్చిలైటు పట్టుకుని బర్నరు మూతిలోకి వంగి చూస్తోంది, నరేంద్రబాబు తనవైపు తిరిగి కనుబొమలతో అడిగాడు, అయిందా అని, జేబులో కాగితం అలాగే ఉంది, చింపాలి గదా, ఇప్పుడే గదా చింపి కార్డు సంగతి చెప్పాల్సింది, డూప్లికేటు కార్డు మేడమ్ అని, ఎన్నిసార్లు చెప్పుకున్నాడు, గొంతు కూడా సరిగ్గా కుదిరింది, చెయ్యి మాత్రం లేవడం లేదు, ఎందుకు లేవదు, ఆ కాగితానికీ తను చెప్పబోయేదానికీ తేడా ఏముంది, అందులో తప్పు పోలయ్యది, ఇందులో తప్పు ఓనరుది, రెండింట్లోనూ తను లేడు, రెండింట్లోనూ పైపు లేదు, ఫోను లేదు, నరేంద్రబాబు రాయించింది నాలుగు లైన్లే, తను పంతొమ్మిది రోజులుగా రాసుకుంటున్నది అంతకన్నా పెద్ద అబద్ధం, టీ తాగి మరీ అసహ్యించుకున్నాడు గదా ఆయన్ని, ఆయనకన్నా తను ఏ వీసం మంచివాడు, ఓనరు చెడ్డవాడే, ఎట్టో చెప్పబాక అన్నవాడే, దానికి ఆయన చెప్పుకుంటాడు, తనది తను చెప్పుకోవాలి గదా, ఇన్‌స్పెక్టరమ్మ టార్చిలైటు బర్నరు నుంచి గోడమీదికి, గోడమీది నుంచి పైపు పొడుగునా నిదానంగా జరుగుతోంది, హెన్రీ రేడియో జరిగినట్టే జరుగుతోంది, ఇది ఎవరు వేశారండీ, చాలా నీట్‌గా ఉందే, అంది, మా హజరత్తు పని మేడమ్, ఈ కోస్టు మొత్తం మీద ఇట్టా వేసేవాడు లేడు, అన్నాడు నరేంద్రబాబు గర్వంగా, నిజంగానే గర్వంగా, లోపల ఏమేం తీగలున్నాయి అంది ఆమె, అన్నీ మేడమ్, అన్నాడు హజరత్తయ్య, తన గొంతేనా అది, లేచి ప్యానెల్ తలుపు తీశాడు, లోపలి సంచీలో చెయ్యి పెట్టాడు, దుమ్ము, చచ్చిన బొద్దింక, దాని కింద కాగితం, ఉప్పు తగలకుండా మూసిన పెట్టె గదా, మడత కూడా నలగలేదు, తెల్లగా ఉంది, అడుగున తన సంతకం, తారీఖుతో సహా, ఇది చూడండి మేడమ్, ఈ తప్పు నాదని పదిహేను నెలల కిందట ఒకతను రాసిచ్చాడు, నేను దాచినాను, ఆరోజు పచ్చలైటు ఉందని పోలయ్య నాకు ఫోన్ చేసి అడిగినాడు, పెట్టమన్నది నేనే, నరేంద్రబాబు హజరత్తూ అన్నాడు, మళ్ళీ గట్టిగా హజరత్తూ అన్నాడు, ఆ పిలుపు ఎక్కడో దూరంగా తొట్ల అవతల నుంచి వచ్చినట్టుంది, ఆమె కాగితం వెలుతురుకు పట్టుకుని చదువుతోంది, పెదాలు కదుపుతూ చదువుతోంది, ఏమవుతుందో, కేసు పెడతారేమో, ఉద్యోగం ఎలాగూ లేదు, పైపు హజరత్తయ్య అన్న పేరు ఈ సాయంత్రానికి మైపాడు దాకా పోయి వేరే అర్థంతో తిరిగొస్తుంది, రానీ, రోజా తన మొహం చూస్తుందో లేదో, చూడకపోతే అదీ న్యాయమే, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి గానీ ఏదీ నిలవలేదు, నిలిచింది ఒకటే, నిన్న మంచం మీంచి తనవైపు తిరిగిన ఆ తెల్లటి మొహం, జవాబు కోసం అలాగే తిప్పి ఉంచిన మొహం, ఈమెకు కాదు, ముందు వాడికి చెప్పాల్సింది, పంతొమ్మిది రోజుల కిందటే చెప్పాల్సింది, ఇప్పుడే బయల్దేరి పోయి, రోజా వింటుండగా, మంచం పట్టె పట్టుకుని చెప్పాలి, నువ్వు నిలబడాల్సిన చోటే నిలబడినావు పోలయ్యా, తప్పు నీది కాదు, నాది, అని, ఆ తర్వాత వాడు బావా అని పిలిచినా పిలవకపోయినా.